న్యూస్‌లాండ్రీకి ఆరేళ్లుగా చందా కడుతున్నాను

పొద్దున్నే పేపర్ రాగానే మా నాన్న చేసే మొదటి పని, పైన చుట్టిన ప్రకటనల పేజీ తీసి పక్కన పడేయడం. సర్కారు కొత్త పథకం మొదలుపెట్టిన రోజైతే రెండు మూడు పేజీలు తిప్పితే గానీ అసలు వార్త కనబడదు. నేను 2019లో న్యూస్‌లాండ్రీ అనే ఇంగ్లిష్ వార్తల వెబ్‌సైటుకు చందా కట్టానని తెలిసి ఆయనే, "ఫోన్లో ఊరికే వచ్చేదానికి డబ్బులెందుకురా?" అన్నారు.

అడగాల్సిన ప్రశ్నే. వాళ్ల రిపోర్టులు చాలావరకు చందా కట్టకుండానే చదవొచ్చు. 2012లో ఢిల్లీలో ఇది పెట్టినవాళ్లలో ఇండియా టుడే తొలి ఎడిటర్ మధు త్రెహాన్ ఉన్నారు, అభినందన్ సేఖ్రీ ఉన్నారు. సేఖ్రీ అంతకుముందు రోడ్డు పక్క దాబాల తిండి మీద టీవీ షో తీసిన మనిషి. ప్రకటనలు తీసుకోం, చదివేవాళ్లే పోషించాలి అన్నది వాళ్ల పద్ధతి.

ఎన్ఎల్ సేన అని ఒకటుంది. ఫలానా విషయం మీద రిపోర్టింగ్ చేస్తాం, ఇంత ఖర్చవుతుంది అని చెప్పి పాఠకుల దగ్గర పోగుచేస్తారు. ఒకసారి 500 వేశాను. ఆ రిపోర్టు చివర డబ్బిచ్చినవాళ్ల పేర్ల గుంపులో నా పేరు వెతుక్కుని, స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మామయ్య ఒక్కడే బొటనవేలు చూపించాడు.

2021 సెప్టెంబర్‌లో ఆదాయపు పన్ను వాళ్లు "సర్వే" అంటూ ఆఫీసుకు వచ్చి, మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఉన్నారు. ఆ కోపంలో ఇక చందా ఆపేది లేదనుకున్నాను. మరుసటి నెలలోనే ఆగిపోయింది! ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు వచ్చాయి, నా కార్డు ఇచ్చిన బ్యాంకు చెప్పాపెట్టకుండా చెల్లింపు ఆపేసింది. వారం వారం వినే వాళ్ల 'హఫ్తా' పాడ్‌కాస్ట్ సగంలో ఆగితే గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు నాది ద న్యూస్ మినిట్‌తో కలిపి ఇచ్చే చందా. ధన్యా రాజేంద్రన్ మరో ఇద్దరితో కలిసి 2014లో బెంగళూరులో పెట్టిన సంస్థ అది. దక్షిణాది వార్తలు అక్కడే నయం. 2024 మార్చిలో, పార్టీలకు విరాళాలిచ్చేందుకు కొన్న ఎన్నికల బాండ్ల జాబితాలు బయటికొచ్చినప్పుడు ఈ రెండూ, స్క్రోల్ అనే ఇంకో వార్తల వెబ్‌సైటూ కలిసి కూర్చుని ఎవరు కొన్నారు, ఏ పార్టీకి వెళ్లింది అని తవ్వాయి. కొన్నవాళ్లలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీ మేఘాదే, 966 కోట్లు. ఆ అంకె చూపిస్తే నాన్న పేపర్ మడిచి కళ్లజోడు సర్దుకున్నారు. చదివి వినిపించమన్నారు. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని నేనే తెలుగులో చెప్పుకొచ్చాను. ఈ మాత్రం పని తెలుగులో చేసేవాళ్లుంటే ఇంకో చందా కడతాను. మన దగ్గర ఏ పేపర్ ఏ పార్టీదో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు.

ఇంకో మాట. పాఠకుడి డబ్బుకూ ఒత్తిడి ఉంటుంది. 'హఫ్తా'లో చందాదారుల ఉత్తరాలు చదువుతారు, "మీరిలా మాట్లాడితే చందా మానేస్తా" అనేవాళ్లతో సహా. ఒకసారి నేనూ అలాంటి మెయిల్ సగం రాసి డిలీట్ చేశాను.

రెన్యూవల్ వచ్చే నెలలో ఉంది. కడతాను. 'హఫ్తా' మాత్రం మరీ సాగదీత, ఒకటిన్నర స్పీడ్‌లోనే వింటాను.