అటక మీది చలి సామాను: రెండు అలాస్కా ఓడ ప్రయాణాల తర్వాత

పోయిన నెల అటక సర్దుతా ఉంటే అలాస్కా సంచి కిందికి దిగింది. 2023 మేలో ఒకసారి, 2025 మేలో ఇంకోసారి పిల్లలతో అలాస్కా క్రూజుకు పోయొచ్చినాం. మొదటిసారి పెద్దోడికి ఆరేళ్లు, పాపకు రెండున్నర. సంచిలో ఉండేవన్నీ ఆ రెండు ట్రిప్పుల్లోనే కాదు, మధ్యలో తిరుపతి నవంబరు వానల్లో, హార్స్‌లీ హిల్స్ చలిలో కూడా వాడినవే. మన పక్కనుంచి ఎవరైనా చిన్నబిడ్డలతో అట్లాంటి ప్రయాణం పెట్టుకుంటే పనికొస్తాదని రాస్తా ఉన్నా.

ముందు దండగ ఖర్చు చెప్పేస్తా. లావు జాకెట్లు. మంచుకొండలు అనేసరికి మా అత్త "బిడ్డలు కొయ్యబారిపోతారు, మందంగా ఉండేవి కొనండి" అనింది. చెన్నైకి పోయి దూదిమూటల్లాంటివి నాలుగు తెచ్చినాం. అవి నాలుగే ఒక సూట్‌కేసు. తీరా మేలో, ఓడ ఆగే జూనో ఊర్లో పగటిపూట పదమూడు, పద్నాలుగు డిగ్రీలు. చలి కాదు మమ్మల్ని పట్టుకునింది, తడి. ఓడ ఆగే ఇంకో ఊరు కెచికాన్‌లో ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైనే వాన పడుతాది, మన తిరుపతి వానకు మూడింతలు. దిగిన పావుగంటకే పెద్దోడి జాకెట్ నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. ఆ తర్వాత రెండు రోజులు ఓడ గదిలో ఆరనే లేదు. వాడు మిగతా ట్రిప్పంతా వాళ్ల చిన్నాయన స్వెట్టర్ మోకాళ్ల దాకా వేలాడేసుకొని తిరిగినాడు.

రెండోసారికి తెలివొచ్చింది. ఒంటికి అతుక్కునే థర్మల్, దాని మీద పల్చటి ఫ్లీస్ (ఉన్ని మాదిరి మెత్తగా ఉండే చొక్కా), అన్నిటికీ పైన నీళ్లు దిగని రెయిన్ సూట్. మూడు పొరలు. ఎండొస్తే ఒకటి తీస్తాం, గాలి లేస్తే ఒకటి తగిలిస్తాం. నూలు బనియన్ మాత్రం లోపల వెయ్యొద్దు. మన ఎండలకు నూలంత హాయి ఇంకోటి లేదు గానీ, అక్కడ ఒకసారి తడిసిందంటే ఒంటి వేడంతా గుంజేస్తాది. రెయిన్ సూట్లు ఒక సైజు పెద్దవి కొన్నాం. మిద్దె మీద పిల్లలకు తొడిగి, ట్యాంకు పైపు పట్టి పది నిమిషాలు తడిపి చూసినాం. పక్కింటాయన గోడ మీంచి చూసి "ఏమైందమ్మా పిల్లోళ్లకు" అని అడిగినాడు. నవ్వితే నవ్వనీ. ఒక సూట్‌కు మెడ కాడ కుట్టులోంచి నీళ్లు దిగినాయి, ఇక్కడే తెలిసింది, మార్చుకున్నాం.

ఈ సామానుకు అసలు శత్రువు అలాస్కా చలి కాదు, మన అటక. రెండు ఎండాకాలాలు రేకు కింద ఉడికినాక మా ఆయన 2023 బూట్లు బయటకు చూడను కొత్తవే. స్కాగ్వే రేవులో దిగి పది అడుగులు వేసినాడో లేదో కుడి బూటు అడుగుభాగం ఊడి వెనకే ఉండిపోయింది. ఎడమది రైల్వే స్టేషన్ దాకా వచ్చింది పాపం. ఆ రకం మెత్తటి సోల్ వాడకుండా వేడిలో, తేమలో పెట్టేస్తే లోపల్లోపలే పొడైపోతాదంట. రెయిన్ సూట్ లోపలి పూత కూడా అంతే, జిగురైపోయి పెచ్చులూడుతాది. పోయిన నెల దించినాక మావి మళ్లీ అటకెక్కలేదు, పడగ్గది బీరువాలో ఉన్నాయి. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం పోసే ద్రవాలు కూడా మానేసినా.

చిన్నబిడ్డలకు వేళ్లు విడిగా ఉండే గ్లౌజులు కొనొద్దు. ఒక్కో వేలు తోసేలోపు ఓడ కదిలిపోతాది. సంచి మాదిరి ఉండేవి కొని, రెంటినీ ఒక దారంతో కట్టి చొక్కా చేతుల్లోంచి లాగేయండి. మేము కట్టకముందు మూడు పోగొట్టినాం, మూడూ ఎడమచేతివే.

అత్త కూడా వచ్చింది, చీరతోనే. చీర కింద థర్మల్ ప్యాంటు, మేజోళ్లు, పైన నా రెయిన్ కోటు. కుచ్చిళ్లు నాలుగంగుళాలు పైకి కట్టి జూనో పక్కనుండే మెండెన్‌హాల్ హిమనదం కాడ నగ్గెట్ జలపాతం దాకా నడిచింది. బాట చదునుగా ఉంటాది, ముసలోళ్లకూ పిల్లలకూ కష్టం లేదు. "ఈ ఐసు చూడ్డానికి ఇంత దుడ్డా" అని సణుగుతానే ఫోటోలన్నీ ఆమే తీయించుకునింది.

వీసా సంగతి. అమెరికాలోని సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడలు కూడా కెనడా రేవులో, ఎక్కువగా విక్టోరియాలో, కాసేపు ఆగుతాయి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ ఓడ మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తాకాలి. అందుకని మనకు అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా ఉండాల్సిందే, రేవులో దిగకపోయినా సరే. మాకు టికెట్లు కొట్టిన ఏజెంట్ ఈ మాటే చెప్పలేదు. ఫోను చేసి మా మరిది "వదినా, కెనడాది ఎప్పుడేసినారు" అని అడిగేదాకా మాకు తెలీదు. ఆ నెలంతా నిద్ర లేదు.

అదే ఏజెంట్ గది కూడా ఓడ ముక్కు కాడ ఇప్పించినాడు. సియాటిల్ నుంచి పోయే ఓడలు వాంకూవర్ ద్వీపానికి పడమటి పక్క, తెరిచిన సముద్రంలో పోతాయి. రెండో రోజంతా ఊగుడే. ముందు భాగం ఇంకా ఎక్కువ ఊగుతాది. పెద్దోడు మధ్యాహ్నానికి నాలుగుసార్లు కక్కినాడు. మా ఇంట్లో దీనికొక పరీక్ష ఉంది: తిరుమల ఘాట్‌లో కవరు అడిగే బిడ్డ ఓడలో కూడా అడుగుతాడు. అట్లాంటి బిడ్డ ఉంటే నడిమధ్యలో, కింది అంతస్తు గది అడగండి, డాక్టరు చెప్పిన మందు ఓడెక్కకముందే పెట్టుకోండి. రెండోసారి మరిది కార్లో కెనడాలోని వాంకూవర్ ఊరికి పోయి అక్కడ ఎక్కినాం. అక్కణ్ణుంచి ఓడ ద్వీపానికీ నేలకూ మధ్యలో పోతాది, దాదాపు చెరువు మీద పోయినట్టే. పిల్లలతో అయితే నా ఓటు వాంకూవర్‌కే.

బాల్కనీ గదా, కిటికీ లేని గదా అని అందరూ అడుగుతారు. మే చివర్లో జూనోలో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగే. బాల్కనీ గదిలో పాప తెర పక్కకు లాగి "ఇంకా పొద్దు ఉంది కదమ్మా" అని కూర్చునేది. కిటికీ లేని గదిలో లైటు ఆపితే కన్ను పొడుచుకున్నా కానరాదు, పిల్లలు తొమ్మిదికల్లా పడిపోయినారు. డబ్బు కూడా తక్కువ. కానీ గ్లేసియర్ బే (హిమనదాలుండే పార్కు) పోయే ఓడ అయితే బాల్కనీకి పెట్టొచ్చు. ఆ రోజు ఎక్కడా దిగేది లేదు. పార్కు రేంజర్లే ఓడెక్కి పిల్లలకు పుస్తకాలిచ్చి అన్నీ చెప్తారు. మార్జరీ హిమనదం ముందు ఓడ చాలాసేపు నిలబడింది. ట్రిప్పంతటిలో గడగడలాడించిన చలి ఆ ఒక్క పూటే, మంచు మీంచి వచ్చే గాలి. పాప దుప్పట్లో చుట్టుకొని బాల్కనీలో చూస్తా ఉంటే ఒక పక్క విరిగి నీళ్లలో పడింది. పడ్డాక గానీ చప్పుడు రాలేదు. అక్కడి ట్లింగిట్ జనం దాన్ని తెల్ల ఉరుము అంటారని రేంజరమ్మ చెప్పింది.

స్కాగ్వేలో వైట్ పాస్ రైలు పిల్లలకు పిచ్చి పిచ్చిగా నచ్చింది. బంగారం కోసం జనం ఎగబడిన కాలంలో, 1898లో మొదలుపెట్టి 1900కల్లా వేసినారు. సముద్రం మట్టం నుంచి 873 మీటర్లకు ఎక్కుతాది, ఇంచుమించు మన తిరుమల ఎత్తే. పోయి రావడానికి మూడు గంటల దాకా పడుతాది, లోపల వెచ్చగా ఉంటాది, మరుగుదొడ్డి ఉంటాది. తిమింగలాలు చూపించే చిన్న పడవ మాత్రం మూడేళ్లలోపు బిడ్డతో వద్దు. మొదటిసారి పాప ఏడుపు విని తిమింగలం కూడా లేచిపోయి ఉంటాది.

రెండున్నరేళ్ల పాపను పిల్లల క్లబ్బులోకి రానీలేదు. మూడేళ్లు నిండాలి, డయపర్ మానాలి. ఈతకొలనులో కూడా డయపర్ బిడ్డలకు చోటు లేదు. రెండోసారి ఇద్దరూ క్లబ్బులో పడితే, పెళ్లయినాక మొదటిసారి నేనూ మా ఆయనా ఒక కాఫీ వేడిగా తాగినాం.

తిండికి భయపడొద్దు. తెల్లన్నం, తియ్యని పెరుగు రెండూ బఫేలో దొరుకుతాయి, పులుపు పెరుగు మాత్రం అడగొద్దు. రేపు మాకు శాకాహారం కావాలని ముందురోజు రాత్రే చెప్తే పప్పూ కూరా విడిగా చేసిచ్చినారు. ఇంట్లో వండింది ఓడలోకి రానివ్వరు, విద్యుత్ కెటిల్ కూడా లాక్కుంటారు. తిరుపతి అంగట్లో సీలు వేయించిన కందిపొడి పొట్లాలు అమెరికాలో దిగేటప్పుడు ఫారంలో రాసి చూపించినాం, ఏమీ అనలేదు. మగ్గు ఒకటి సూట్‌కేసులో పడేయండి, ఎందుకని అడగొద్దు. గది గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతం కొక్కేలు అతుక్కుంటాయి. వందలోపు పెట్టి కొన్న ఆరు కొక్కేలే తడిబట్టలకు దిక్కయినాయి, ఆ నాలుగు లావు జాకెట్లకంటే ఎక్కువ పని చేసినాయి.

మేలో పోతే ఒక నష్టం ఉంది. కెచికాన్ ఏట్లో ఎదురీదే సాల్మన్ చేపలు అప్పటికి రావు, జులై రావాల. మన బడి సెలవులకు మే తప్ప కుదరదు కాబట్టి ఆ ముచ్చట మాకు తీరలేదు.

పాప మొదటి రెయిన్ సూట్ ఇప్పుడు చిత్తూరులో మా చెల్లెలి కొడుకు కాడ ఉంది. పోయిన కార్తీకంలో వానకు అదే వేసుకొని బడికి పోతా ఉన్నాడంట. చేతులు ఇంకా రెండు మడతలు మడవాల్సొస్తా ఉందని చెల్లెలు చెప్పింది.