మా నాన్న ఫియట్‌ని మళ్ళీ రోడ్డెక్కించిన ఆటోనగర్ షెడ్డు

మాది 1978 ప్రీమియర్ పద్మిని అండి, ఫియట్ నమూనాతో మన దేశంలో చేసిన పాత కారు, ఇంట్లో మాత్రం ఎవరూ పద్మిని అనరు, ఫియట్టే. పదమూడేళ్ళు ఇంటి వెనక రేకుల కింద టార్పాలిన్ కప్పుకుని పడుంది. మొత్తానికి విజయవాడ ఆటోనగర్‌లో ఇచ్చి చేయించాను, ఏడు నెలలు పట్టింది, మూడు లక్షల ఎనభై వేలు అయ్యింది. ఎక్కడ చేయించావ్ ఎట్లా చేశారు అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి మంచీ చెడూ రెండూ రాస్తున్నా. షెడ్డు పేరు మాత్రం రాయట్లేదు, ఒకేసారి రెండు పాత కార్లకి మించి పట్టుకోనని, జనం ఎక్కువైతే పని పాడవుద్దని మేస్త్రీ గారే వద్దన్నారు.

మూలన పడక ముందు వేరే ఊళ్ళో ఒకచోట బాడీ పని, పెయింటూ చేయించాం. అద్దంలా మెరిసింది, ఏడాది తిరక్కుండానే ఎడమ వెనక చక్రం పైన బుడగలు లేచాయి. ఇక్కడికి తెచ్చిన మొదటి రోజే మేస్త్రీ గారు చిన్న అయస్కాంతానికి బనీను గుడ్డ చుట్టి కారు చుట్టూ ఆనించుకుంటూ వచ్చారు, తలుపుల మీద అంటుకుంది, బానెట్ మీద అంటుకుంది, సరిగ్గా ఆ చక్రం పైన పెట్టగానే జారి కింద పడింది. అంటే అక్కడ రేకే లేదు! నా ముందే ఉలితో తట్టి చూపించారు, వేలు మందాన పుట్టీ, దాని వెనక ఇనప జల్లెడ, ఫైబర్ గుడ్డ, ఇంకా లోపల గోధుమరంగు పొడి. అది చూసినప్పుడు నిజంగా కడుపులో దేవింది, డబ్బు పోయినందుకు కాదు, ఇన్నేళ్ళూ లోపల తుప్పు తింటూనే ఉంది కదా అని.

ఈ షెడ్డు గొప్పతనం నాకు అక్కడే తెలిసింది. పుట్టీతో కప్పరు. తుప్పు పట్టినంత మేరా కోసేసి, కొత్త రేకుని అక్కడే సుత్తీ దిమ్మతో ఆ వంపు తెచ్చి, అతికి, వెల్డింగ్ అరగదీసి, ప్రైమర్ కొట్టాకే పైన కాగితం మందాన పుట్టీ. ఫ్లోరు, తలుపుల కింద పట్టీలు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, అన్నీ అట్లాగే చేశారు. దేనికదే ఫోన్లో ఫోటో తీసి పంపారు, నేను అడక్కుండానే.

ఇంజన్ 1089 సీసీ, దించి బోరింగ్ చేయించి, అంటే అరిగిన సిలిండర్లని కాస్త పెద్దవి చేసి, వాటికి సరిపడా ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశారు, హెడ్ ఫేసింగ్ కూడా, అంటే ఇంజన్ పైమూత అడుగుని చదును చేయించారు. సామాన్ల దగ్గరే బాగా లేటయింది. ఈ బళ్ళు బొంబాయి కుర్లాలో తయారై 2001లో ఆగిపోయాయి, తర్వాత కూడా అక్కడి నల్ల పసుపు టాక్సీల పుణ్యమా అని సామాను దొరికేది, 2023 అక్టోబర్‌తో ఆ టాక్సీలూ అయిపోయాయి, ఇప్పుడు ఒక్కో ముక్కకి నాలుగు చోట్ల ఫోన్ చెయ్యాలి. గేర్ రాడ్డుని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీలోని బుష్షులు చివరికి లేత్ మీద తిప్పించి చేయించారు. పెట్రోల్ పైపులన్నీ మార్పించండి, పెట్రోల్ పంపు లోపలుండే రబ్బరు పొర, డయాఫ్రమ్ అంటారు, దాంతో సహా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఆ కాలం రబ్బరు దాన్ని తట్టుకోదు, మెత్తబడి పగిలిపోద్ది, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుద్దో చెప్పక్కర్లేదు.

మార్పుల సంగతికొస్తే, మా తమ్ముడు అల్లాయ్ వీల్స్, ఏసీ, కిందికి దించిన సస్పెన్షన్ అని పెద్ద లిస్టు తెచ్చాడు. మేస్త్రీ గారు ఓపిగ్గా విని, "ఉన్నదే నలభై హార్స్‌పవర్ బాబూ, ఏసీ పెడితే బండి నడవాలా, చల్లగా ఉండాలా" అన్నారు. కంటికి కనపడనివే చేద్దాం అని బ్యాటరీ ఛార్జ్ చేసే పాత డైనమో తీసి దాని బదులు ఆల్టర్నేటర్, హెడ్‌లైట్ల స్విచ్చి మీద లోడు పడకుండా రిలేలు, రేడియేటర్‌కి కరెంటు ఫ్యాను, ముందు సీట్లకి బెల్టులు పెట్టారు. మే ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర పావుగంట ఇరుక్కుంటే వేడి ముల్లు సగం దాటలేదు, ఆ ఫ్యాను చలవే. నాకు కూడా ఆయన పద్ధతే కరెక్ట్ అనిపించింది. ఇంకో కారణం ఏంటంటే, 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చేస్తే ఆ దారి మూసుకుపోద్ది. కాకపోతే వింటేజ్ అయ్యాక రోజూ తిప్పుకోవడం కుదరదు, కాబట్టి మేమింకా తేల్చుకోలేదు. రంగు విషయంలో తలుపు బీడింగ్, అంటే అంచున ఉండే రబ్బరు పట్టీ, కింద అసలు లేత నీలం దొరికింది, ఆర్‌సీలో కూడా అదే ఉంది, అదే కలిపించి కొట్టించాం.

ఇక బాలేనివి. మూడు నెలలన్నది ఏడయింది, మధ్యలో నెలన్నర బండిని ముట్టుకోనేలేదు, ఆ ముక్క ఫోన్ చేసి చెప్తే బాగుండేది. లెక్కలన్నీ చీటీల మీదే, బిల్లు కావాలంటే రెండుసార్లు అడగాల్సొచ్చింది. బయట ఇచ్చి చేయించిన వెనక బంపర్ క్రోమ్ రెండు నెలలకే పొంగింది, డబ్బు తీసుకోకుండా మళ్ళీ చేయిస్తామన్నారు. మొన్న వానకి ముందు అద్దం బీడింగ్ మూలలోంచి చుక్కలు పడ్డాయి.

అయినా మళ్ళీ పాత బండి చేయించాల్సొస్తే వీళ్ళకే ఇస్తాను. తెచ్చిన రోజు నాన్న డ్రైవర్ సీట్లో కూర్చుని, కిందికి చూడకుండానే చెయ్యి స్టీరింగ్ పక్కనున్న గేర్ రాడ్డు మీదకి పోయింది, రెండో చెయ్యి తలుపు ముందున్న చిన్న అద్దం తిప్పి గాలి మొహానికి తగిలేట్టు పెట్టుకుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, గుడివాడ దాకా ఆయనే నడిపారు. బీడింగ్ కోసం సోమవారం మళ్ళీ షెడ్డుకెళ్ళాలి, నువ్వు పక్కన కూర్చో, నేనే తెస్తా అన్నారు.