హిమాలయన్ 450 సమీక్ష: ఏ వయసులో ఎక్కేవారికి ఎలా కుదురుతుంది

అడ్వెంచర్ బండి కొనేవాళ్లందరూ ఒకలాంటివాళ్లు కాదు. ఇరవై రెండేళ్లకు మొదటి పెద్ద బండిగా తీసుకునేవాళ్లుంటారు. పిల్లలు ఎదిగాక, పదిహేనేళ్ల విరామం తర్వాత మళ్లీ హ్యాండిల్ పట్టుకునే నలభై అయిదేళ్లవాళ్లుంటారు. రిటైరయ్యాక మొదటిసారి మట్టిదారి పట్టాలనుకునేవాళ్లూ ఉంటారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఈ ముగ్గురినీ ఆకర్షిస్తుంది, కానీ ముగ్గురికీ ఒకేలా కుదరదు. ఏ వయసువాళ్లు దీని మీద ఏం మార్చుకోవాలి, ఏం నేర్చుకోవాలి, ఎవరు దీన్ని వదిలి తేలికైన బండి చూసుకోవాలి అన్నదే ఈ సమీక్ష.

ముందు అంకెలు. 452 సీసీ సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూలింగ్. 8,000 ఆర్‌పీఎం దగ్గర 40 పీఎస్, 5,500 దగ్గర 40 ఎన్ఎం. బరువు 196 కిలోలు, ట్యాంకు 17 లీటర్లు. సీటు ఎత్తు 825 మి.మీ., పైకి జరిపితే 845. ముందు 21, వెనక 17 అంగుళాల చక్రాలు, రెండువైపులా 200 మి.మీ. సస్పెన్షన్ ట్రావెల్ (పైకీ కిందికీ కదిలే దూరం), 230 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్. 2016లో వచ్చిన పాత హిమాలయన్ 411తో పోలిస్తే బరువు దాదాపు అంతే, శక్తి చాలా ఎక్కువ, సీటు మాత్రం 25 మి.మీ. పైన ఉంది. ఆ ఒక్క అంగుళాన్ని చాలామంది పట్టించుకోరు. పాదం పూర్తిగా ఆనడానికీ మునివేళ్లు మాత్రమే ఆనడానికీ మధ్య తేడా అక్కడే ఉంది.

ఇంకో తేడా కూడా వయసుతో ముడిపడిందే. పాత 411 గరిష్ఠ టార్క్, అంటే లాగే బలం, 4,000–4,500 ఆర్‌పీఎం మధ్యలోనే ఇచ్చేది. తక్కువ ఆర్‌పీఎంలో గుడుగుడుమంటూ లాగేయడం దాని స్వభావం. 450 అలా కాదు, ఆర్‌పీఎం అడుగుతుంది. మూడు వేల లోపల రెండో గేరులో రాళ్లెక్కించాలని చూస్తే గింజుకుని ఆగిపోతుంది. పాత లాంగ్ స్ట్రోక్ బళ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లకు, అంటే ఎక్కువగా నలభై దాటినవాళ్లకు, ఈ అలవాటు మార్చుకోవడమే కష్టం. ఎత్తుమీద యూటర్న్ మధ్యలో ఇంజను ఆగితే బండి లోపలి వైపుకి ఒరుగుతుంది. కాలు ఆనించేచోట నేల కిందికి ఉంటుంది. జీరో స్పీడులో పడిపోవడాల్లో చాలావరకు ఇలా జరిగేవే. మందు ఒకటే: మొదటి గేరు, ఆర్‌పీఎం కాస్త పైన నిలకడగా, క్లచ్ సగం పట్టుదగ్గర రెండు వేళ్లతో, వెనక బ్రేకు తేలిగ్గా ఒత్తి ఉంచడం. స్లిప్-అసిస్ట్ క్లచ్ కాబట్టి లివరు తేలిక. కీళ్లనొప్పులున్న చేతికి ఇది పెద్ద ఊరట, గంటసేపు సగం క్లచ్ మీద నడిపినా పిడికిలి బిగుసుకుపోదు.

ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఈ బండి మీద పెద్దగా మార్చాల్సింది లేదు. శరీరం అన్నిటికీ సర్దుకుంటుంది. సమస్య కూడా అక్కడే మొదలవుతుంది. చురుకైన చూపూ వేగంగా కదిలే చేతులూ నైపుణ్యం లేకపోవడాన్ని కప్పేస్తాయి. గుల్ల మట్టిలో వెనక చక్రం జారితే ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది, దాన్ని తమ నేర్పు అనుకుంటారు. కనిపించే దూరంలో ఆపగలిగేంత వేగమే మట్టిదారిలో సరైన వేగం. మలుపు అవతల కంకర కుప్ప ఉందో లేదో 200 మి.మీ. సస్పెన్షన్‌కి తెలియదు. ఈ వయసువాళ్లు వెనక ఏబీఎస్ (బ్రేకు నొక్కినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఆపేసి తిరగడం ఫ్యాషన్‌గా చూస్తారు. ఆ స్విచ్చు ఉన్నది కంకర దిగుడులో వెనక చక్రాన్ని కావాలని లాక్ చేసి వేగం తగ్గించడానికి. తారురోడ్డు ఎక్కగానే తిరిగి ఆన్ చేయాలి. ముందు ఏబీఎస్‌ని మాత్రం ఆపడం కుదరదు. నిట్టనిలువు దిగుడులో ఇది ఆగే దూరాన్ని పెంచుతుంది కాబట్టి, దిగే ముందే మొదటి గేరులోకి వచ్చి ఇంజను బ్రేకింగ్‌తో దిగాలి. ఇక డబ్బు విషయం. ఈ వయసులో ముందు కొనేది పెట్టెలు, ఫాగ్ లైట్లు. నా మాట వింటే మొదట చీలమండ దాటి పైకి వచ్చే గట్టి బూట్లు కొనండి. 196 కిలోల బండి కింద పాదం ఇరుక్కుంటే లైట్లు కాపాడవు.

నలభైల్లో తిరిగి వచ్చేవాళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వాళ్ల తలలో మిగిలిన బండి 130, 140 కిలోలది. పార్కింగులో ఒరిగితే మోకాలితో ఆపేసిన జ్ఞాపకం ఒంట్లో ఉంటుంది. 450 ఒక హద్దు దాటి ఒరిగాక ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపబోతే భుజం కండరమో నడుమో దెబ్బతింటుంది. వదిలేయాలి, పక్కకు తప్పుకోవాలి. విరిగిన లివరు మార్చుకోవచ్చు.

పడిన బండిని లేపడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి, చదునైన మట్టి నేల మీద, పక్కన ఒక మనిషి ఉండగా. ఇంజను ఆపండి. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే తెరిచి పెట్టండి, లేచాక అటువైపు దొర్లిపోకుండా. గేరులో వేయండి. కింద ఇరుక్కుని వేయలేకపోతే ముందు బ్రేకు లివరుని పట్టీతో గ్రిప్‌కి బిగించండి. హ్యాండిల్‌ని నేలవైపుకి పూర్తిగా తిప్పండి. బండికి వీపు తిప్పి, పిరుదులు సీటు అంచుకి ఆనించి, ఒక చేత్తో కింది గ్రిప్, రెండో చేత్తో వెనక ఫ్రేమ్ లేదా పట్టుకునే కమ్మీ పట్టుకుని, చేతులు చాపి ఉంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. పని తొడలది, నడుముది కాదు. నడుము వంగినట్టు అనిపిస్తే ఆపేసి మళ్లీ మొదలుపెట్టండి. రెండు ప్రయత్నాల్లో లేవకపోతే సామాను దించేయండి. ట్యాంకులో పెట్రోలు సంగతి కూడా గుర్తుంచుకోండి: 17 లీటర్లంటే పన్నెండు కిలోల పైమాటే, అదీ బండి పైభాగంలో. నేర్చుకునే రోజుల్లో సగం ట్యాంకుతో తిరిగితే ఆరు కిలోలు తగ్గుతాయి. ఆ తేడా మలుపుల్లో చేతికి తెలుస్తుంది.

ఈ వయసులో నడుమునొప్పికి సీటుని తిడతారు. తప్పు సాధారణంగా సీటుది కాదు, నిలబడే భంగిమది. ఫుట్‌పెగ్‌ల రబ్బర్లు తీసేయండి, బూటు అంచులు పట్టుకుంటాయి. నిలబడి చేతులు చాచినప్పుడు మణికట్టు తిన్నగా ఉండాలి. కూర్చున్నప్పటి కోణానికి బిగించిన క్లచ్, బ్రేకు లివర్లు నిలబడితే మణికట్టుని పైకి విరుస్తాయి. క్లాంప్ బోల్టులు వదులు చేసి లివర్లని కొద్దిగా కిందికి తిప్పండి. పొడుగైనవాళ్లు హ్యాండిల్‌ని 20 నుంచి 25 మి.మీ. పైకి లేపే రైజర్లు వేసుకోవచ్చు. వేశాక హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పి, కేబుళ్లూ బ్రేకు పైపూ ఎక్కడా లాగబడడం లేదని చూసుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

సాగ్, అంటే మీ బరువుకి సస్పెన్షన్ కుంగే కొలత, కూడా సరిచేయాలి. వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన ఒక గుర్తుకి కొలవండి. తర్వాత మీరు రైడింగ్ దుస్తులన్నీ వేసుకుని కూర్చున్నప్పుడు మళ్లీ కొలవండి. తేడా 60–65 మి.మీ., అంటే ట్రావెల్‌లో మూడోవంతుకి దగ్గరగా ఉండాలి. ఎక్కువైతే వెనక ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) పెంచండి. కుర్రవయసు రైడరుకి సరిపోయిన సెట్టింగు ఎనభై అయిదు కిలోల మనిషికీ ఇరవై కిలోల సామానుకీ సరిపోదు. వెనక కుంగితే ముందు చక్రం తేలికై ఇసుకలో చెప్పినమాట వినదు. మనవాళ్లు దాన్ని టైరు తప్పు అనుకుంటారు. ముందు ఫోర్కుకి సర్దుబాటు లేదు, అది ఈ బండికి ఒక లోటే.

అరవై దాటినవాళ్లు ఎక్కకూడదనే వాదనతో నాకు ఏకీభావం లేదు. బ్రిటిష్ రచయిత టెడ్ సైమన్ 1973లో 500 సీసీ ట్రయంఫ్ మీద నాలుగేళ్ల ప్రపంచయాత్రకు బయలుదేరారు. 2001లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, మళ్లీ అదే దారి పట్టారు, బీఎండబ్ల్యూ ఆర్80 జీఎస్ మీద.  ఆ రెండూ ఇప్పటి లెక్కలో భారీ బళ్లు కావు. నిన్నమొన్నటి దాకా వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ 249 కిలోలు, హిమాలయన్ కంటే యాభై మూడు కిలోలు ఎక్కువ. పెద్దవయసులో పెద్ద బండే గౌరవం అనుకుని దానికి వెళ్లేవాళ్లకు నా సలహా, ముందు దాన్ని ఒక్కరే లేపి చూడండి.

ఈ వయసులో మొదట మార్చాల్సింది సీటు. తక్కువ ఎత్తు సీటు వేస్తే 805 మి.మీ.కి దిగుతుంది. మీ కాలి కొలత ఇలా తీసుకోండి: చెప్పుల్లేకుండా గోడకానుకుని నిలబడి, ఒక అట్ట పుస్తకం కాళ్ల మధ్య పైకి నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేలకి కొలవండి, బూటు మందం కలపండి. రెండు పాదాల ముందు భాగాలు ఆనితే చాలు, లేదా పిరుదు కొంచెం జరిపితే ఒక పాదం పూర్తిగా ఆనాలి. సస్పెన్షన్ లింకు మార్చి బండినే కిందికి దించే చిట్కా వద్దు. గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది, సైడ్ స్టాండు పొడవు ఎక్కువై బండి నిటారుగా నిలబడి గాలికే అటు పడుతుంది.

తర్వాత కళ్లు. నాలుగంగుళాల గుండ్రటి స్క్రీన్ మీద ఫోను ద్వారా గూగుల్ మ్యాప్స్ వస్తుంది. కుర్రాళ్లకి ముచ్చట. చత్వారం ఉన్నవాళ్లకి ఆ సన్నని గీతలు దగ్గర్లోనే మసకగా కనిపిస్తాయి. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరచూపు భాగం కింద ఉంటుంది, హెల్మెట్‌లో గడ్డం దించితే తప్ప అందదు. స్క్రీన్ దూరానికి, అంటే సుమారు 60–70 సెం.మీ.కి, పవర్ వేయించుకున్న కళ్లజోడు పనికొస్తుంది, అయితే దూరం చూపు దెబ్బతినకుండా కంటి డాక్టరుతోనే తేల్చుకోవాలి. కళ్లజోడు కాడలు తిన్నగా, సన్నగా ఉన్నవి ఎంచుకోండి. చెవి వెనక వంపు తిరిగినవి హెల్మెట్ తొడిగేటప్పుడు అడ్డుపడతాయి. మలుపులు చెవిలో వినిపించే ఇంటర్‌కామ్ ఉంటే స్క్రీన్ చూసే పనే తగ్గుతుంది. రాత్రి నడపడం మానేయడం మంచిది, వయసుతో ఎదుటి లైట్ల వెలుగు నుంచి కన్ను తేరుకునే సమయం పెరుగుతుంది.

మందుల విషయంలో గుర్తుంచుకోవాల్సినవి. బీపీకి మూత్రం ఎక్కువ వెళ్లే మాత్ర వేసుకునేవాళ్లు ఎండలో నీళ్లు తగ్గిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు తలకి చిన్న దెబ్బ తగిలినా ఆస్పత్రికి వెళ్లాలి, బాగానే ఉందనిపించినా సరే. షుగరు వల్ల పాదాలు తిమ్మిరిగా ఉన్నవాళ్లకి గేరు పెడల్, వెనక బ్రేకు ఎంత నొక్కుతున్నారో తెలియదు. వాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా మట్టిదారికి వెళ్లకూడదు.

టైర్లు. మొదట్లో వచ్చినవన్నీ ట్యూబు చక్రాలు. తర్వాత ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా వచ్చాయి. యాభై దాటినవాళ్లు ట్యూబ్‌లెస్ తీసుకోవడం మంచిది. ట్యూబు పంక్చరయితే చక్రం విప్పి, టైరు అంచుని రిమ్ము నుంచి తొక్కి ఊడదీసి, లీవర్లతో తియ్యాలి. వెనక 140 సెక్షన్ టైరు మీద అది కుర్రాళ్లకే చెమటలు పట్టించే పని. ట్యూబు ఉంటే రాళ్లదారిలో గాలి మరీ తగ్గించకండి, 20 పీఎస్ఐ లోపలకి దించితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి.

ఎవరు తీసుకోకూడదు? పైన చెప్పినట్టు లేపలేనివాళ్లు, వెనక్కి తోయలేనివాళ్లు. వాళ్లకి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ దాదాపు 160 కిలోలు, సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167 కిలోలు. ఎక్స్‌పల్స్ మట్టిలో హాయి, వీ-స్ట్రామ్ హైవే మీద హాయి. పోగొట్టుకునేది శక్తి, అదీ ఎత్తుల్లో తెలుస్తుంది. ప్రతి 1,000 మీటర్లకీ ఏ ఇంజనైనా పదో వంతు దాకా బలం కోల్పోతుంది. 40 పీఎస్ ఉన్న బండికి అక్కడ మిగులు ఉంటుంది.

టెస్ట్ రైడ్‌కి వెళ్లినప్పుడు హైవే మీద వంద తొక్కి తిరిగొచ్చేయకండి. షోరూమువాళ్లని అడిగి, బండిని కొంచెం ఎత్తుగా ఉన్నచోట వెనక్కి తోయండి, బండి మీద కూర్చుని ఒకసారి, దిగి ఒకసారి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి అడుగు నేలకి ఆనించకుండా యూటర్న్ కొట్టండి. రెండు నిమిషాలు నిలబడి నడపండి. చివరగా మీ కళ్లజోడు పెట్టుకుని, హెల్మెట్ తొడిగి, ఎండలో ఆ స్క్రీన్ మీది వీధి పేరు చదవండి.