ప్లే స్టోరులో సొంత చెల్లింపు దారి: చాలాకాలం వాడాక నా మాట

అమ్మిన డబ్బు రెండో రోజుకే బ్యాంకులో పడుతుంది. మా యాప్‌లో గూగుల్ బిల్లింగ్ (ప్లే స్టోరే డబ్బు వసూలు చేసే పద్ధతి) పక్కన సొంత చెల్లింపు బటన్ పెట్టుకున్నందుకు నాకు దక్కిన అసలు లాభం ఇదే. అందరూ కమిషన్ తగ్గడం గురించే మాట్లాడతారు, నేను దీన్ని వదలకుండా ఉన్నది మాత్రం ఈ రెండో రోజు కోసమే.

శ్రీకాకుళం నుంచి డీఎస్సీ, కానిస్టేబుల్ అభ్యర్థుల కోసం నమూనా పరీక్షల యాప్ నడుపుతున్నాం. ప్రశ్నపత్రాలు రాసేది రిటైరైన మాస్టార్లు. నరసన్నపేట నుంచి ఒకరు, టెక్కలి నుంచి ఒకరు చేత్తో రాసి తెచ్చిస్తారు, మేము టైపు చేయించి ఎక్కిస్తాం. పేపరు అందిన వారంలోనే వాళ్ల డబ్బు వాళ్లకు ఇవ్వాలన్నది నా పట్టుదల. స్టోరు బిల్లింగ్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఇది కుదిరేది కాదు. ఈ నెల అమ్మకాల డబ్బు వచ్చే నెల 15 ప్రాంతంలో వస్తుంది. అంటే ఒకటో తేదీన కొన్న అభ్యర్థి డబ్బు మా చేతికి రావడానికి నెలన్నర. ఈలోపు చేబదుళ్లతో నెట్టుకొచ్చేవాళ్లం. సొంత దారి వచ్చాక ఆ అవసరం పోయింది. ఆ ఊరట ఎంతటిదో చిన్న సంస్థ నడిపేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. 2022 అక్టోబర్ 25న పోటీ కమిషన్ (సీసీఐ) గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసి, యాప్ తయారీదారులను ఇతర చెల్లింపు సేవలు వాడుకోనివ్వాలని ఆదేశించింది. 2025 మార్చిలో అప్పీలేట్ ట్రిబ్యునల్ ఆ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. జరిమానా తగ్గినా, మాలాంటివాళ్లకు ఆ ఆదేశం తెచ్చిన మేలు చిన్నది కాదని ఇప్పటికీ నమ్ముతాను.

అయితే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు అమ్మకాలకు స్టోరు రుసుము 15 శాతం. సొంత దారిలో అమ్మితే అందులో 4 శాతం తగ్గుతుంది, మిగతా 11 శాతం కట్టాల్సిందే. 400 రూపాయల కోర్సు మీద 60 బదులు 44 రూపాయలు. అక్కడికి 16 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. మా చెల్లింపుల సంస్థ (పేమెంట్ గేట్‌వే) నూటికి రెండు రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది, అంటే 9 రూపాయల 44 పైసలు. చివరికి మిగిలేది ఆరున్నర రూపాయలు. మడపం టోల్‌గేటు దగ్గర పక్కరోడ్డు పట్టినా టోలు కట్టించుకున్నట్టుంది ఇది. ఈ 4 శాతం న్యాయమైనది కాదు. డబ్బు వసూలు చేసేది, రసీదు ఇచ్చేది, డబ్బు కట్ అయినా కోర్సు తెరుచుకోలేదని అర్ధరాత్రి ఫోను చేసే అభ్యర్థికి జవాబు చెప్పేది అంతా మేమే అయినప్పుడు తగ్గింపు ఇంకా ఎక్కువ ఉండాలి.

ఇక 2025 వేసవి. ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 6 నుంచి పరీక్షలు. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా అభ్యర్థులు మా యాప్ మీద పడ్డారు. మే చివర్లో మా చెల్లింపుల సంస్థ ఖాతాను 'పరిశీలన'లో పెట్టింది. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయట, అనుమానమట. ముందు మా ఖాతాకు డబ్బు పంపడం ఆపింది, ఆ తర్వాత కొత్త చెల్లింపులు తీసుకోవడమే మానేసింది. ఆఫీసు అద్దె ఒప్పందం అడిగారు, పంపాం. జీఎస్టీ పత్రం అడిగారు, పంపాం. మళ్లీ అద్దె ఒప్పందమే అడిగారు. ఫోనులో మనిషి దొరకడు, మెయిలుకు యంత్రం రాసిన జవాబు. నోటిఫికేషన్ వస్తే అమ్మకాలు పెరుగుతాయని ఈ జిల్లాలో జిరాక్సు కొట్టు నడిపే అబ్బాయికి కూడా తెలుసు. వాళ్లకు తెలియజెప్పడానికి పరీక్షలు మొదలయ్యేదాకా పట్టింది.

ఇందులో ఎక్కువ బాధ పెట్టింది మరొకటి. సొంత దారిలో జరిగిన ప్రతి అమ్మకాన్నీ 24 గంటల్లోగా స్టోరుకు తెలపాలి, ఆ లెక్క మీద 11 శాతానికి బిల్లు వస్తుంది. డబ్బు ఎవరి దగ్గరో ఇరుక్కుపోయింది, రుసుము మాత్రం మేము కట్టాలి. కట్టకుండా ఆగే ధైర్యం చిన్నవాళ్లకు ఉండదు. 2024 మార్చి 1న రుసుము తగాదాలో పేరున్న భారతీయ కంపెనీల యాప్‌లనే గూగుల్ తొలగించింది, ప్రభుత్వం కలగజేసుకున్నాకే అవి తిరిగొచ్చాయి.

నరసన్నపేట మాస్టారికి సంగతి చెబితే, "నా డబ్బుకు తొందర లేదు బాబూ, పిల్లలకు పేపర్లు ఆపకు" అన్నారు. పేపర్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదో కూడా చెప్పాలి. సొంత బటన్ పెట్టినా స్టోరు బిల్లింగ్ బటన్ పక్కనే చూపించాలన్నది నిబంధన. మొదట్లో అది నాకు నచ్చలేదు, సగంమంది అటే పోతారనిపించింది. మా బటన్ మూతపడ్డ ఆ రోజుల్లో అభ్యర్థులు పక్క బటన్ నొక్కి కొనుక్కున్నారు. యూపీఐ అందులోనూ ఉంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది తెలియలేదు. మాకు ఆ డబ్బు జూలైలో వచ్చింది. ఆలస్యమే, కానీ పూర్తిగా వచ్చింది.

ఇప్పుడు రెండో చెల్లింపుల సంస్థలో కూడా ఖాతా తెరిచి ఉంచాం. మా పద్దు చిన్నది, ఇవ్వాల్సినవాళ్లు పెన్షను మీద బతికే పెద్దలు, అందుకే ఆ రెండో రోజు డబ్బు కోసం దీన్ని కొనసాగిస్తున్నాం. నెలాఖరు జీతాలు మాత్రమే ఇచ్చేవాళ్లకు, సాంకేతిక పని చూసే మనిషి లేనివాళ్లకు ఇప్పటి రుసుముల్లో దీన్ని పెట్టుకోమని చెప్పలేను. తగ్గింపు 4 శాతం దాటితే అప్పుడు నా మాట మారవచ్చు.