కార్నియా మందమే తేల్చిన ఎంపిక: లాసిక్, స్మైల్, పీఆర్‌కే

హైదరాబాద్‌లో నేను కళ్లద్దాల అవసరం తప్పించే లేజర్ చికిత్స చేయించుకున్న కంటి ఆసుపత్రిలో అన్నిటికన్నా నచ్చిన విషయం, పరీక్షలన్నీ పూర్తయ్యే వరకు ఎవరూ ఈ చికిత్సలోని లాసిక్, స్మైల్, పీఆర్‌కే పద్ధతుల్లో దేని పేరూ ఎత్తకపోవడం. అంతకుముందు వెళ్లిన మరో కేంద్రంలో డాక్టరు గారిని కలవకముందే ప్యాకేజీల ధరల పట్టిక చేతికిచ్చి, ఖరీదు ఎక్కువైన కొద్దీ చికిత్స మేలైనదన్నట్టు మాట్లాడారు. అది సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

కాంటాక్ట్ లెన్సులు కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) ఆకారాన్ని తాత్కాలికంగా మారుస్తాయి కనుక వాటిని ముందే మాన్పించి, టోపోగ్రఫీ (కార్నియా ఉపరితలపు ఆకార పటం) తీసి, మందం కొలిచారు. సగటున 540 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉండే కార్నియా నాకు 480 మాత్రమే ఉంది.

లాసిక్‌లో కార్నియా పైన సుమారు 110 మైక్రాన్ల పొరను కోసి, పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పి, లోపలి కణజాలాన్ని ఎక్సైమర్ లేజర్‌తో చెక్కుతారు. చాలామందికి మరునాటికే చూపు తేటపడుతుంది. అయితే ఆ పొర మునుపటంత బలంగా అతుక్కోదు కాబట్టి, గట్టి దెబ్బ తగిలితే ఏళ్ల తరువాతైనా కదిలే ప్రమాదముంది. స్మైల్‌లో పొర లేపకుండా, లోపల లేజర్‌తో వేరుచేసిన పలుచని బిళ్లను 2 నుంచి 4 మిల్లీమీటర్ల కోత గుండా తీస్తారు.

నా మైనస్ 5 పవర్‌కు దాదాపు 75 మైక్రాన్లు చెక్కాలి. లాసిక్ చేస్తే అడుగున మిగిలేది 295; కనీసం 300 ఉండాలన్నది డాక్టరు గారి నియమం. స్మైల్‌కూ అలాగే లెక్కవేసి వద్దన్నారు. పై కణాల పొరను మాత్రమే, అంటే సుమారు 50 మైక్రాన్లను, తొలగించి దాని కింద లేజర్‌తో చెక్కే పీఆర్‌కేలో 355 మిగులుతాయి కనుక అదే ఖాయం చేశారు.

మొదటి కొన్ని రోజులు నొప్పి, మంట, నీరు కారడం తప్పలేదు. చూపు కుదురుకోవడానికి వారాలు పట్టింది. ఇవన్నీ ముందే విడమరిచి చెప్పారు. స్టెరాయిడ్ చుక్కలు వాడినంత కాలం కంటి ఒత్తిడిని క్రమం తప్పకుండా చూశారు.

ఒక్క లోటు మాత్రం చెప్పాలి: పరీక్షల నివేదికలను అడిగితే గాని ఇవ్వలేదు. భవిష్యత్తులో శుక్లాల ఆపరేషన్ అవసరమైతే, లోపల అమర్చే లెన్సు పవర్ లెక్కకట్టడానికి చికిత్సకు ముందటి కొలతలు ఎంతో ఉపకరిస్తాయి. కాబట్టి వాటిని డిశ్చార్జి కాగితాలతోపాటే ప్రతివారికీ ఇవ్వాలి.