విజయనగరంలో తారు షింగిల్స్ కప్పు: వాడి చూశాక

విజయనగరంలో మా ఇంటి పై అంతస్తు గదులకు వేయించిన తారు షింగిల్స్ కప్పు ఒక ఎండాకాలాన్నీ ఒక వానాకాలాన్నీ చూసింది. బంగళా పెంకుకు బదులుగా వాడే సరుకని దుకాణంలో చెబుతారు గానీ, ఆ మాట సగమే నిజం. గాజుపీచు పొర మీద తారు పట్టించి, పైన రంగు రాతిపలుకులు అద్దిన అట్ట అది. పెంకులాగా వాసాల మీదా రీపర్ల మీదా నిలబడదు. కింద ప్లైవుడ్ గానీ వాలు స్లాబు గానీ ఉండి, దాని మీద ఫెల్టు (నీరు దిగకుండా పరిచే తారు పొర) పరిచి, ఆ పైన మేకులతో బిగించాలి. కనుక షింగిల్ ధర ఒక్కటే చూసి రేకులతో పోల్చడం సరికాదు. ఇనుప చట్రం, ప్లైవుడ్, ఫెల్టు, చూరు అంచు పట్టీలు కలిసేసరికి మా బిల్లు రేకుల కప్పు ఖర్చును బాగా దాటింది.

మన జిల్లాల్లో ఈ కప్పు నిలిచేదీ ఎగిరేదీ మేకుల దగ్గరే తేలుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసినవారికి గాలి మొదట చూరు అంచునూ కొప్పునూ పట్టి లేపుతుందని వేరే చెప్పనక్కరలేదు. మామూలుగా ఒక్కో షింగిల్‌కు నాలుగు మేకులు కొడతారు. పెనుగాలుల ప్రాంతాల్లో ఆరు కొట్టాలి. మా పనివారు నాలుగుతోనే మొదలుపెట్టారు, అడిగిన తరువాతే ఆరుకు వచ్చారు. మేకు తల అట్టను కోయకుండా సమంగా కూర్చోవాలి, తయారీదారు గీసిన గీత మీదే పడాలి. ప్రతి షింగిల్ మీదా ఉండే తారు జిగురు పట్టీ ఎండ వేడికి కరిగి పై వరుసను పట్టుకుంటుంది. అక్టోబరు తుపాన్ల ముందు హడావుడిగా వేయిస్తే ఆ పట్టు కుదరకముందే గాలి రావచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. మండుటెండలో మాత్రం తారు మెత్తబడి, నడిచినచోట పలుకులు ఊడతాయి కాబట్టి పని ఉదయం పూటే చేయించాలి.

రేకుల కింద వాన చప్పుడుకు మాట వినబడని ఇళ్లతో పోలిస్తే ఈ గదులు ఎంతో ప్రశాంతం. కోతులు పెంకులు తిరగవేసే బాధ కూడా తప్పింది. వేడి విషయంలో నాకు అంత తృప్తి లేదు. పెంకుల సందుల్లో ఆడే గాలి, చెక్కకు అంటుకుని పడుకునే షింగిల్ కింద ఆడదు. ముదురు రంగు మానుకుని, కొప్పు దగ్గర వేడిగాలి పోయే మార్గం పెట్టించుకోవాలి.

తొలి వానలకు కప్పు నీరు దిగే గొట్టంలోంచి ఇసుకలాంటి పలుకులు రావడం చూసి కంగారు పడనవసరం లేదు. అవి తయారీలో మిగిలిన అదనపు పలుకులు. ఏళ్లు గడిచాక గుత్తులుగా రాలి నల్లటి తారు బయటపడితే మాత్రం కప్పు అరిగినట్టే.

చదును డాబాకు ఇది పనికిరాదు. పన్నెండు అడుగుల అడ్డానికి కనీసం నాలుగు అడుగుల ఎత్తు ఉంటే మంచిది. రెండు అడుగుల వరకు తగ్గితే ఫెల్టు రెండు పొరలు వేయాలి, అంతకన్నా తగ్గితే వేయకూడదు. వాలు స్లాబు ఇదివరకే ఉన్నవారికి ఈ సరుకును సిఫారసు చేస్తాను. ఉన్న రేకులు తీసి దీన్ని వేయించుకోవాలనుకునేవారికి చేయను. కొనేవారు అదే రంగు, అదే లాటు కట్ట ఒకటి అదనంగా తీసి ఇంట్లో ఉంచుకోవాలి, ఎందుకంటే పగిలిన పెంకుకు జత ఊళ్లో దొరుకుతుంది గానీ చిరిగిన షింగిల్‌కు దొరకడం కష్టం.