సబ్జుగేట్, డామినేట్: రెండూ ఒకటేనా? ఏది ఎక్కడ వాడాలి?

మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్మేట్ వాళ్ల తమ్ముడు జీఆర్ఈ వర్డ్ లిస్ట్ ముందేసుకుని, అన్నా ఈ రెండిటికీ అర్థం ఒకటే కదా, ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలదా అన్నాడు. చాలదురా అన్నాను, ఇక ఉప్మా చల్లారిపోయేదాకా అదే గోల.

సబ్జుగేట్ లాటిన్ మాట. సబ్ అంటే కింద, జుగుమ్ అంటే కాడి, అంటే కాడి కిందకి తేవడం అన్నమాట. ఇంగ్లిష్ యోక్, మన యుగం, యోగం అన్నీ ఆ జుగుమ్‌కి చుట్టాలే. రోమన్ల కాలంలో ఇది ఉత్తి పోలిక కాదు, రెండు ఈటెలు నిలబెట్టి పైన ఇంకోటి అడ్డంగా కట్టి, ఓడిపోయిన సైనికుల దగ్గర ఆయుధాలు లాక్కుని దాని కిందనుంచి వంగి నడవమనేవాళ్లు. తమాషా ఏంటంటే అందరికీ గుర్తుండిపోయిన కథలో వంగింది రోమన్లే, క్రీ.పూ. 321లో సామ్నైట్లు అనే ఇటలీ కొండజాతివాళ్లు వాళ్లని కొండల మధ్య ఇరికించి చంపకుండా ఇలా దాటించి పంపేశారు. ఆ చోటు పేరు కాడైన్ ఫోర్క్స్ (పేరులో కాడి వినిపిస్తోంది గానీ దానికీ దీనికీ ఏ సంబంధం లేదు).

మా తాత కోడెకి దున్నడం నేర్పేటప్పుడు ముసలెద్దు పక్కన కట్టేవాడు, కోడె తల విదిలించేది, పడుకునేది, లేవనని మొండికేసేది. కొన్నాళ్లకి మెడ మీద చర్మం మొద్దుబారి కాయ కాసేది, ఆ తర్వాత కాడి ఎత్తితే చాలు తనే మెడ పెట్టేది. నాకైతే సబ్జుగేట్ అంటే ఆ కాయ కాసిన మెడే. లొంగదీసుకోవడం అంటాం చూడండి, అది.

డామినేట్ వేరే ఇంటిది. నిజంగా ఇల్లే, డోమస్ అంటే ఇల్లు, డొమినస్ అంటే ఇంటి యజమాని, అక్కణ్ణుంచి వచ్చింది. డేంజర్ కూడా ఆ డొమినస్ వంశమే, ఒకప్పుడు ఆ మాటకి దొర చేతిలో ఉండే అధికారం అని అర్థం. మన దగ్గర పెద్దతనం పెత్తనం అయిందిగా, అచ్చం అదే దారి. ఇంకో సరదా, దంపతిలో ఉన్న దమ్ ఆ డోమస్‌కి బంధువు, ఇంగ్లిష్‌లో కాంజుగల్ (దాంపత్యానికి సంబంధించిన) ఏమో జుగుమ్ వైపు. పెళ్లిని వాళ్లు కాడితో కట్టారు, మనం ఇంటితో కట్టాం.

ఇంతకీ ఏది మేలు అంటే, మామూలుగా డామినేటే వాడండి. మ్యాచ్‌లో, మార్కెట్‌లో, మీటింగ్‌లో ఒకడిదే పైచేయి అయితే అదే సరిపోతుంది, ఎవర్ని అని చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. సబ్జుగేట్‌కి అలా కుదరదు, కింద పడినవాడెవడో చెప్పాలి, అదీ బలవంతంగా లొంగి ఉండాలి. దేశాలు, జాతులు, సైన్యాలు అయితే సరే గానీ ఆఫీస్ మెయిల్‌లో రాస్తే కామెడీ అవుతుంది.

వాడు వెంటనే ఫోన్‌లో ఒక వాక్యం కొట్టి చూపించాడు, మా ఓనర్ ఆంటీ మమ్మల్ని సబ్జుగేట్ చేసింది అని. తప్పురా, రాత్రి పదికి మోటర్ ఆపేస్తుంది, గెస్టులొస్తే మెట్ల దగ్గరే ఆరా తీస్తుంది, అంతేగా, అది డామినేట్, పైగా ఇంటి యజమాని కూడాను అన్నా.

"మరి పది నెలల అడ్వాన్స్ కట్టి ఖాళీ చేయలేకుండా ఉన్నాం కదన్నా?"

సరే, అది ఉంచేయ్ అన్నాను.